చేతి కొలతల వంటను కాగితం మీదికి దించడం ఎలా?

"రాసిచ్చినట్టే చేశాం, ఆ రుచి మాత్రం రాలేదు." ఇళ్లలో చేసే వంటలన్నీ పోగుచేసి పుస్తకంగా వేసుకునేవాళ్లు చివరికి వచ్చి ఆగేది ఈ మాట దగ్గరే. కాలనీ సంఘం వేసే పుస్తకమైనా, మహిళా మండలి వేసేదైనా, అన్నదమ్ముల పిల్లలంతా కలిసి ఇంటి పేరుతో వేసుకునేదైనా ఇదే గోల. "గుప్పెడు", "నిమ్మకాయంత", "తగినంత" అన్న మాటలు చెప్పేవాళ్ల చేతికి బాగానే తెలుసు. చదివేవాళ్ల చేతికి ఎలా తెలుస్తాయి?

ఆ చేతి లెక్కను గ్రాముల్లోకి, నిమిషాల్లోకి, కంటికి కనిపించే గుర్తుల్లోకి మార్చే పద్ధతి కింద ఉంది. ఒక్క వంటకానికి, వండేవాళ్ల పక్కన నిలబడటానికి ఒక పూట, రాసుకోవడానికి గంట, పరీక్షగా వండించడానికి ఇంకో రెండు పూటలు పడుతుంది. అంతకంటే త్వరగా తేలిపోయిందంటే ఏదో ఒకటి దాటేశారన్నమాట.

కావలసినవి

- 1 గ్రాము తేడా కూడా చూపించే వంటింటి డిజిటల్ తూకం. 5 కిలోల దాకా తూచగలిగితే గిన్నెతో సహా పెట్టేయొచ్చు.
- ఇంగువ, పసుపు, మెంతుల్లాంటి వాటికి 0.1 గ్రాము దాకా చూపే చిన్న తూకం. ఉంటే మంచిది, లేకపోతే కొలత చెంచాలు చాలు.
- కొలత చెంచాలు: పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు, అందులో అర, పావు.
- మిల్లీలీటర్ల గీతలున్న జగ్గు, ఒక స్కేలు, ఫోన్‌లో టైమరు, మాటలు రికార్డు చేసుకునే సౌకర్యం.
- నోటు పుస్తకం. ఫోన్‌లో టైపు చేస్తామనుకోకండి, నూనె చేతులతో సాగదు.

కొలత చెంచాల సెట్టు కొనకుండా ఇంట్లో ఉన్న స్టీలు చెంచాతో నడిపించేద్దాం అనిపిస్తుంది. ఇంటి చెంచాలు ఒకదానికొకటి పోలిక ఉండవు. ఒక ఇంట్లో టీ చెంచాలో 3 మిల్లీలీటర్లు పడితే పక్కింట్లో 6 పడుతుంది. ఉప్పు విషయంలో ఈ తేడా అంటే వంట చప్పగా ఉండటానికి, నోట పెట్టలేకపోవడానికి మధ్య ఉన్న తేడా.

1. ముందు ఏ వంట రాయాలో తేల్చుకోండి

ఒక మనిషి దగ్గర ఒకసారికి ఒక్క వంటే తీసుకోండి. "మీకు వచ్చినవన్నీ చెప్పండి" అంటే పదిహేను వంటలు వస్తాయి, పదిహేనూ సగం సగమే ఉంటాయి. పండగ వంట కంటే వారానికోసారి చేసే వంట మేలు. చేయి తిరిగిన వంటలో కొలత రోజుకో రకంగా మారదు. ఏడాదికోసారి చేసే అరిసెల పాకం గురించి అడిగితే, చెప్పేవాళ్లే పోయినేడు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంటారు.

ముందుగా ఫోన్‌లో వంట చెప్పించుకుని రాసుకోండి. అది అసలు కాపీ కాదు. పక్కన నిలబడి చూసినప్పుడు దేన్ని గమనించాలో తెలుసుకోవడానికే. నోటితో చెప్పినదానికీ చేత్తో చేసినదానికీ కనీసం మూడు నాలుగు చోట్ల తేడా వస్తుంది. చెప్పేటప్పుడు ఎక్కువగా మరిచిపోయేవి ఇవి: పప్పు, బియ్యం నానబెట్టడం, చివర్లో వేసే చిటికెడు బెల్లం, మధ్యలో పోసిన వేడినీళ్లు, దించాక మూత పెట్టి ఉంచిన పది నిమిషాలు.

2. వండే చేతిని ఆపకండి, డబ్బాను తూచండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. వండేవాళ్ల చేతికి కొలత చెంచా ఇచ్చి "దీంతో వేయండి" అంటారు. ఆ క్షణంలో వాళ్ల లెక్క పోతుంది. కొత్త చెంచాతో ఎంత వేయాలో వాళ్లకు తెలియదు కాబట్టి భయపడి తక్కువ వేస్తారు, లేదా మీ ముఖం చూసి వేస్తారు.

ఇలా చేయండి:

అ. వంట మొదలయ్యే ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, పోపుల పెట్టె గిన్నెలు, నూనె సీసా, చింతపండు జాడీ అన్నిటినీ మూతల్లేకుండా తూచి బరువు రాసుకోండి.

ఆ. వాళ్లను ఎప్పటిలాగే వేసుకోనివ్వండి. చేత్తో వేస్తే చేత్తో, చారెడు పోస్తే చారెడే.

ఇ. ఒక్కో దినుసు వాడటం పూర్తయ్యాక ఆ డబ్బాను మళ్లీ తూచండి. రెండు అంకెల తేడాయే కొలత.

ఈ. ఉప్పు రెండుసార్లు వేస్తే రెండుసార్లూ తూచండి. పప్పు ఉడికేటప్పుడు వేసింది వేరు, చివర్లో రుచి చూసి వేసింది వేరు. రెండూ కలిపి ఒకే అంకెగా రాస్తే, చదివేవాళ్లు మొత్తం ముందే వేసేస్తారు.

నూనెను తూచినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. నూనె నీళ్లకంటే తేలిక. పెద్ద చెంచా నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, సుమారు 14 గ్రాములే తూగుతుంది. నీళ్లకు ఈ చిక్కు లేదు, 1 మిల్లీలీటరు అంటే 1 గ్రామే.

కూరగాయల్ని తొక్క తీయకముందు ఒకసారి, తరిగాక ఒకసారి తూచండి. పుస్తకంలో రెండూ ఉండాలి. కొనేవాళ్లకు మొదటి అంకె, వండేవాళ్లకు రెండోది. "నాలుగు వంకాయలు" అని రాస్తే ఏ వంకాయలు? గుత్తి వంకాయకు తెచ్చే చిన్నవి నాలుగు కలిపినా, బజ్జీకి కాల్చే పెద్ద వంకాయ ఒక్కదానికి సాటి రావు.

డబ్బాలు తూచే వీలు లేకపోతే ఇంకో దారి ఉంది. వండేవాళ్లు గుప్పిట్లోకి తీసుకున్నది నేరుగా గిన్నెలో కాకుండా తూకం మీదున్న పళ్లెంలో వేయమనండి, అంకె రాసుకుని మీరు గిన్నెలోకి వంపండి. కాకపోతే కాగిన నూనెలో పోపు వేసే దగ్గర ఇది కుదరదు, ఆలస్యమైతే ఆవాలు మాడతాయి.

3. పాత కొలతలను ఇప్పటి కొలతల్లోకి మార్చండి

చాలా ఇళ్లలో ఇప్పటికీ బియ్యం డబ్బాలో సోలో, గిద్దో ఉంటుంది. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. ఈ వరస చాలామందికి తెలిసిందే. సోలలో ఎంత పడుతుంది అన్నదానికి మాత్రం ఊరూరా ఒకే జవాబు లేదు. పుస్తకాల్లోనో ఫోన్‌లోనో వెతికి అంకె వేయకండి. ఆ ఇంటి సోలనే తీసుకుని, తూకం మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అది అన్ని మిల్లీలీటర్ల సోల. గ్లాసుకు, గిన్నెకు, పాల డబ్బా మూతకూ ఇదే పద్ధతి.

తర్వాత అదే కొలతలో వాళ్లు రోజూ కొలిచినట్టే బియ్యం పోయించి తూచండి. ఇక్కడ తలకొట్టి (అంచుకు సమంగా గీసి) కొలిచారా, గోపురంగా పోశారా చూడండి. చిన్న గిద్దలో గోపురంగా పోస్తే బాగా ఎక్కువే పడుతుంది.

కప్పుల్లో రాయాలనుకుంటే మీ కప్పు 240 మిల్లీలీటర్లదని పుస్తకం మొదటి పేజీలోనే చెప్పేయండి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పులో సాధారణంగా 180 మిల్లీలీటర్లే పడుతుంది. బియ్యం దాంతో, నీళ్లు వేరే కప్పుతో కొలిచి "అన్నం జావైపోయింది" అని చెప్పేవాళ్లకు లెక్కే లేదు. 240 మిల్లీలీటర్ల కప్పుకు తలకొట్టి కొలిస్తే బియ్యం, కందిపప్పు, పంచదార మూడూ సుమారు 200 గ్రాముల దగ్గర తూగుతాయి. గోధుమపిండి 120 నుంచి 130 దాకా వస్తుంది. పిండిని కప్పుతో తవ్వి తీస్తే అదిమినట్టై ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి పిండి వంటలన్నీ గ్రాముల్లోనే రాయండి.

చేతి కొలతలు వచ్చేసరికి, ఆ మనిషి చేయే కొలత. చిటికెడు, పిడికెడు, చారెడు, దోసెడు: ఒక్కోటి మూడుసార్లు తీయించి తూచి, మధ్య అంకె తీసుకోండి. మూడూ దాదాపు ఒకేలా వస్తాయి. చేయి తిరగడం అంటే అదే మరి.

4. ఉప్పు, పులుపు, కారం: ఈ మూడింటికీ రకం కూడా రాయాలి

బియ్యం, పప్పు, కూరగాయల్లాంటి వాటిలో పది గ్రాములు అటూ ఇటూ అయినా వంట నిలబడుతుంది. ఈ మూడింట్లో నిలబడదు.

ఉప్పు: మెత్తటి ఉప్పు తలకొట్టిన చిన్న చెంచా సుమారు 6 గ్రాములు. అదే చెంచాతో కల్లుప్పు తీస్తే పలుకుల మధ్య ఖాళీల వల్ల తక్కువ పడుతుంది. అందుకే "కల్లుప్పు 10 గ్రాములు" అని రకం, బరువు రెండూ రాయండి. కొత్తగా వండేవాళ్లకు ఒక లెక్క ఆసరాగా ఇవ్వొచ్చు. తయారైన పులిహోర, ఉప్మా, కూర వంటివాటిలో మొత్తం బరువుకు నూటికి ఒకటి నుంచి ఒకటిన్నర వంతు ఉప్పు ఉంటే చాలా నోళ్లకు సరిపోతుంది. మీరు తూచిన ఉప్పు ఈ హద్దుకు బాగా దూరంగా ఉంటే మొదట తూకంలో తప్పు వెతకండి. పచ్చళ్లకు ఈ లెక్క వర్తించదు, వాటి సంగతి కింద ఉంది.

చింతపండు: "నిమ్మకాయంత" అన్నది తూచి చూస్తే ఎక్కువగా 25 నుంచి 30 గ్రాముల మధ్య వస్తుంది. "ఉసిరికాయంత" అంటే దాదాపు అందులో సగం. గింజ, పీచు తీసిందా తీయనిదా అన్నది తప్పనిసరిగా రాయాలి. కొత్త చింతపండు ఎర్రగా, పులుపు తేలిగ్గా ఉంటుంది. నిలవ పెట్టింది నల్లబడి రసం చిక్కగా దిగుతుంది. ఎన్ని నీళ్లలో, ఎంతసేపు నానబెట్టారో, రసం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో మూడూ రాస్తేగాని చారుకు గానీ పులుసుకు గానీ అర్థం ఉండదు.

కారం: గుంటూరు వైపు తేజ రకం మిరపతో కొట్టించిన కారం, బ్యాడిగి రకం కారం చూడటానికి రెండూ ఎర్రగానే ఉంటాయి. బ్యాడిగిలో రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఒకదానికి రాసిన కొలత ఇంకోదానికి పెడితే కళ్లనీళ్లే. రకం తెలియకపోతే "ఘాటు కారం" లేదా "రంగు కారం" అని అయినా రాయండి. పచ్చిమిర్చికి సంఖ్యతో పాటు పొడవు కూడా ఇవ్వండి.

5. మంటకు, సమయానికి గుర్తులు పెట్టండి

"మధ్య మంట మీద ఐదు నిమిషాలు" అన్నది సగం మాటే. ఇంట్లో చిన్న బర్నరు, పెద్ద బర్నరు రెండూ ఉంటాయి, ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లూ ఉంటారు. నిమిషాలు రాయండి, దాని పక్కనే కంటికో, చెవికో, ముక్కుకో తెలిసే గుర్తు రాయండి. నిమిషాలకూ గుర్తుకూ తేడా వస్తే గుర్తునే నమ్మమని పుస్తకం ముందుమాటలో చెప్పండి.

మార్చి రాయాల్సిన మాటలు కొన్ని:

- "దోరగా వేయించి" అన్న చోట: శనగపప్పు లేత బంగారు రంగుకొచ్చి, కమ్మటి వాసన మొదలయ్యే దాకా, సుమారు 2 నిమిషాలు.
- "పోపు వేగాక" అన్న చోట: ఆవాల చిటపట సద్దుమణిగాక.
- "దగ్గరపడ్డాక" అన్న చోట: గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత రెండు సెకన్లు పూడకుండా నిలిచే దాకా.
- "పచ్చివాసన పోయాక" అన్న మాటను ఉంచుకోవచ్చు, కానీ నూనె అంచుల్లో తేలడం లాంటి కంటి గుర్తు ఒకటి జతచేయండి.
- "పాకం వచ్చాక" అని ఎప్పుడూ వదిలేయకండి. పంచదార తీగపాకం సుమారు 104 నుంచి 106 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టేది 112 నుంచి 116 దగ్గర. థర్మామీటరు లేనివాళ్ల కోసం నీళ్ల పరీక్ష కూడా రాయండి.

కుక్కరు కూతల సంగతి విడిగా చెప్పుకోవాలి. ఒక్కో కూతకు మధ్య ఎంత సమయం పడుతుందన్నది కుక్కరు సైజు, లోపలున్న నీళ్లు, మంట మూడింటి మీద ఆధారపడుతుంది. 3 లీటర్ల కుక్కరులో నాలుగు కూతలకు మెత్తబడిన కందిపప్పు 5 లీటర్ల దాంట్లో ఇంకోలా ఉడుకుతుంది. "3 లీటర్ల కుక్కరు, మధ్య మంట, 4 కూతలు, ఆవిరి దానంతటదే పోయే దాకా మూత తీయకూడదు. పప్పును వేళ్ల మధ్య నొక్కితే పలుకు తగలకూడదు" అని రాయండి. ఇంత పొడుగ్గా ఎందుకంటారా? ఈ రెండు వాక్యాలు లేకపోతే మూడో రోజుకి మీకు ఫోన్ వస్తుంది.

మూకుడు, బాణలి వెడల్పు కూడా స్కేలుతో కొలిచి రాయండి. వెడల్పు ఎక్కువైతే నీరు త్వరగా ఇంకిపోతుంది, చింతపండు పులుసు ఉడకకుండానే చిక్కబడుతుంది.

ఇడ్లీ, దోశ పిండి పులియడానికి గంటలు మాత్రమే ఇవ్వకండి. ఎండాకాలం 6 నుంచి 8 గంటలు, చలికాలం 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పిండి ఎత్తు దాదాపు రెట్టింపు కావడమే గుర్తు. గిన్నె బయట మొదటి మట్టం దగ్గర దారమో రబ్బరు బ్యాండో కట్టమని చెప్తే పిల్లలు కూడా చూసి చెప్పేస్తారు.

6. పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్న

"అమ్మమ్మా, ఎంత వేస్తావు?" అంటే "చూసుకుని వేస్తానే" అని జవాబు వస్తుంది. అక్కడితో ఆగిపోతారు. దాని బదులు "ఇంకాస్త వేస్తే ఏమవుతుంది?", "ఇది లేకపోతే ఏం వేస్తావు?", "ఎప్పుడైనా పాడైతే ఎందుకు పాడవుతుంది?" అని అడగండి. మెంతులు ఎక్కువైతే చేదెక్కుతుందనీ, గోంగూర ఉడికేటప్పుడు మూత పెట్టకూడదనీ, పెరుగు పులిస్తే మజ్జిగ పులుసులో చింతపండు అక్కర్లేదనీ ఇలాంటి ప్రశ్నలకే బయటికొస్తాయి. పుస్తకంలో "జాగ్రత్తలు" అన్న భాగమంతా ఈ జవాబులతోనే నిండాలి.

7. రాయడం: ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉండాలి

చింతపండు పులిహోర ఇలా చెప్పారనుకోండి: "పలుకుగా అన్నం వండి ఆరబెట్టు. నిమ్మకాయంతకంటే కాస్త పెద్ద ఉండ చింతపండు నానేసి చిక్కగా రసం తీసి నూనెలో మగ్గనివ్వు. పోపు వేసి, తగినంత ఉప్పూ పసుపూ వేసి కలిపెయ్."

ఇందులో తప్పేమీ లేదు, వచ్చినవాళ్లకు ఇది చాలు. రానివాళ్ల కోసం ఇలా మారాలి.

నలుగురికి. నానే సమయం 20 నిమిషాలు, పని 40 నిమిషాలు.

పాత సోనామసూరి బియ్యం 300 గ్రాములు, నీళ్లు 600 మిల్లీలీటర్లు, గింజ తీసిన చింతపండు 40 గ్రాములు, నానబెట్టడానికి వేడినీళ్లు 200 మిల్లీలీటర్లు, నువ్వుల నూనె లేదా వేరుశనగ నూనె 4 పెద్ద చెంచాలు, వేరుశనగ గుళ్లు 40 గ్రాములు, శనగపప్పు ఒకటిన్నర పెద్ద చెంచా, మినప్పప్పు 1 పెద్ద చెంచా, ఆవాలు 1 చిన్న చెంచా, ఎండుమిర్చి 5, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి 6, కరివేపాకు 2 రెబ్బలు, ఇంగువ పావు చిన్న చెంచా, పసుపు అర చిన్న చెంచా, మెత్తటి ఉప్పు 12 గ్రాములు, బెల్లం 5 గ్రాములు.

1) బియ్యం కడిగి 20 నిమిషాలు నానబెట్టి నీళ్లు పూర్తిగా వంచేయండి. చింతపండును వేడినీళ్లలో పక్కన నానేయండి.

2) బియ్యం, 600 మిల్లీలీటర్ల నీళ్లు, 1 చిన్న చెంచా నూనె 3 లీటర్ల కుక్కరులో నేరుగా వేసి మధ్య మంట మీద 2 కూతలు రానివ్వండి. ఆవిరి పోయాక వెడల్పాటి పళ్లెంలో పరిచి, పసుపు, సగం ఉప్పు చల్లండి. వేడిగా ఉన్నప్పుడు గరిటెతో కెలకకండి, మెతుకు విరుగుతుంది.

3) చింతపండు పిసికి వడకట్టండి. పిప్పిలో ఇంకా పులుపు మిగిలిందనిపిస్తే 2 పెద్ద చెంచాల నీళ్లతో ఇంకోసారి పిండండి, అంతకంటే వద్దు.

4) 24 సెంటీమీటర్ల బాణలిలో మిగిలిన నూనె కాచి, వేరుశనగ గుళ్లు మధ్య మంట మీద పొట్టు చిట్లే దాకా వేయించి తీసేయండి. అదే నూనెలో శనగపప్పు, అది లేత రంగు మారుతుండగా మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి వేయండి. చిటపట తగ్గాక పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ.

5) వెంటనే చింతపండు రసం, మిగతా ఉప్పు, బెల్లం వేసి మధ్య మంట మీద 10 నుంచి 12 నిమిషాలు ఉడికించండి. గరిటె గీత నిలవాలి, అంచుల్లో నూనె కనపడాలి.

6) అన్నం గోరువెచ్చగా అయ్యాక ముప్పావు వంతు పులుసు కలిపి రుచి చూడండి. చాలకపోతే మిగతాది. వేరుశనగ గుళ్లు చివర్లో. మూత పెట్టి అరగంట ఉంచి అప్పుడు మళ్లీ రుచి చూడండి. కలిపిన వెంటనే కారంగా, పుల్లగా తోచింది అరగంటకి సర్దుకుంటుంది. ఇది తెలియక మధ్యలో ఇంకో గుప్పెడు అన్నం కలిపేసేవాళ్లు చాలామంది.

ఆరో అడుగులో "ముప్పావు వంతు" అన్నది కావాలనే పెట్టింది. చింతపండు పులుపు కాయకాయకూ మారుతుంది కాబట్టి వండేవాళ్లకు వెనక్కి తగ్గే దారి ఉండాలి. ఎక్కడెక్కడ దినుసు గుణం మారుతుందో అక్కడల్లా ఇలాంటి వెసులుబాటు పెట్టండి.

8. పరీక్ష: నోరు మూసుకుని నిలబడాలి

కాగితం ఇద్దరికి ఇవ్వండి. ఒకరు ఆ వంట రుచి తెలిసినవాళ్లు, ఇంకొకరు వంట అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు. మొదటివాళ్లు రుచి కుదిరిందో లేదో చెప్తారు, రెండోవాళ్లు రాతలో లోపాలు పట్టిస్తారు.

వాళ్లు వండుతుంటే మీరు పక్కనుండొచ్చు, మాట్లాడకూడదు. వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నా కాగితంలో ఒక లోపమే. జవాబు చెప్పకుండా ఆ వాక్యం పక్కన ఎర్ర చుక్క పెట్టండి. వాళ్లు ఆగి ఆలోచించిన చోట కూడా చుక్క పెట్టండి. ఐదు చుక్కలు దాటితే కాగితం తిరగరాయాల్సిందే.

చివర్లో తయారైన వంటను తూచండి. అసలు మనిషి వండినప్పుడు వచ్చిన బరువుతో పోల్చండి. ఉదాహరణకి పప్పు 100 గ్రాములు తక్కువ తూగితే దినుసుల్లో తేడా లేదని, నీరు ఎక్కువ ఇంకిందని అర్థం. గిన్నె వెడల్పో, మంటో మారి ఉంటుంది. ఉప్పెక్కువైందన్న ఫిర్యాదుకు సగంసార్లు అసలు కారణం ఇదే. బరువు సరిపోయి రుచే తేడా ఉంటే అప్పుడు దినుసు రకం చూడండి.

9. ఎక్కువమందికి పెంచి రాసేటప్పుడు

నలుగురి వంటను నలభైమందికి చేయాలంటే అన్నిటినీ పదితో గుణించడం కుదరదు. బియ్యం, పప్పు, కూరగాయలు, ఉప్పు బరువు ప్రకారమే పెరుగుతాయి. అయినా ఉప్పు తొమ్మిది వంతులు వేసి చివరి వంతు రుచి చూసి వేయమనండి. పోపు నూనె అంత అక్కర్లేదు, ఏడెనిమిది వంతులు చాలు. పెద్ద గిన్నెలో నీరు ఇంకే వాటా తక్కువ కాబట్టి నీళ్లు కూడా కాస్త తగ్గించి మొదలుపెట్టి, పక్కన వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. ఎండుమిర్చి, మిరియాలు, ఇంగువ సగం దగ్గర ఆపి చూసుకోవాలి. పరీక్షించని పెద్ద కొలతను పుస్తకంలో అచ్చు వేయకండి.

10. ఊరగాయలకు వేరే నియమం

ఆవకాయలాంటివి నిష్పత్తి లెక్కలు: ఇన్ని గిన్నెల ముక్కలకు ఇన్ని గిన్నెల కారం, ఆవపిండి, ఉప్పు. మారిస్తే అన్నిటినీ ఒకేసారి గ్రాముల్లోకి మార్చండి, లేదా అన్నిటినీ గిన్నెల్లోనే ఉంచండి. ముక్కలు కిలోల్లో, ఉప్పు గిన్నెల్లో రాయడం పెద్ద ప్రమాదం. ఆరోగ్యం కోసమని ఉప్పు తగ్గించి రాయకండి. అక్కడ ఉప్పు రుచి కోసమే కాదు, పాడవకుండా కాపాడేదీ అదే. తక్కువ తినాలనుకునేవాళ్లు తక్కువ వడ్డించుకోవాలి.

తడి గురించి గట్టిగా రాయండి: కాయ తుడిచి ఆరబెట్టడం, జాడీ ఎండలో పెట్టడం, పొడి గరిటె. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె ముక్కల పైకి తేలాలి. తేలకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నూనె పోయాలి. పరీక్ష కూడా ఒక్క పూటతో అవ్వదు. మూడో రోజు, నెలకు, ఆరు నెలలకు జాడీ తెరిచి చూశాకే కొలత ఖాయం చేయండి. అంటే ఈ ఏడు పెట్టింది వచ్చే ఏడు పుస్తకంలోకి.

11. అందరి వంటలూ ఒకచోట చేర్చేటప్పుడు

ఇక్కడ గొడవ పేర్లతో వస్తుంది. ఒకరి గోంగూర ఇంకొకరికి పుంటికూర. సొరకాయ కొన్ని చోట్ల ఆనపకాయ. వేరుశనగ గుళ్లను తెలంగాణలో పల్లీలంటారు, రాయలసీమలో శనక్కాయలంటారు. బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ మూడూ ఒకటే. పోపు, తాలింపు, తిరగమోత కూడా. చెప్పినవాళ్ల మాటను చెరిపేసి అంతా ఒకే భాషలోకి దిద్దకండి, వంట పేరులో వాళ్ల మాటే ఉండనివ్వండి. దినుసుల జాబితాలో మాత్రం పక్కనే రెండో పేరు ఇవ్వండి. పుస్తకం చివర ఒక పేజీ పేర్ల పట్టిక వేస్తే ఇంకా మంచిది.

సరిపడనివాళ్ల కోసం వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, ఆవాలు, పాలు, గోధుమ ఉన్న వంటలకు గుర్తు పెట్టండి. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి గానీ మైదా గానీ కలుస్తుంది. గోధుమ పడనివాళ్లకు ఇది తెలియాలి. జాబితా తయారుచేసేవాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది దీన్నే.

పేరు వేసుకోవడానికి ఇష్టమేనా అని ప్రతి ఒక్కరినీ అడగండి. దిద్దిన కాగితాన్ని వాళ్లకు చదివి వినిపించండి.

12. అచ్చుకు ఇచ్చే ముందు

జాబితాలో ఉన్న ప్రతి దినుసూ అడుగుల్లో వచ్చిందా, అడుగుల్లో వచ్చినవన్నీ జాబితాలో ఉన్నాయా వేలు పెట్టి సరిచూడండి. కరివేపాకు, నీళ్లు, బెల్లం ఎక్కువగా తప్పిపోతాయి. జాబితా వరస వాడే వరసలోనే ఉండాలి.

యూనికోడ్‌లో (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే తెలుగు అక్షరాల్లో) టైపు చేసింది, అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు తమ అను ఫాంట్లలోకి మార్చినప్పుడు భిన్నాలు, కొన్ని గుర్తులు చెదిరిపోవడం మామూలే. అర చెంచా కాస్తా ఒకటో రెండో చెంచాలుగా అచ్చవుతుంది. అందుకే అర, పావు, ముప్పావు అక్షరాల్లోనే రాయండి. ప్రూఫులో అంకెలను ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు కాగితంలో చూడాలి. ఒక్కరే రెండూ చూస్తే కన్ను తను అనుకున్నదే చదువుతుంది.

ఒక వంట ఎదురెదురు పేజీల్లో సరిపోయేలా పెట్టించండి, పిండి చేత్తో పేజీ తిప్పే పని ఉండకూడదు. స్పైరల్ బైండింగ్ అయితే పొయ్యి పక్కన తెరిచినట్టే పడుంటుంది. అక్షరం కాస్త పెద్దది వేయించండి, చదివేది చేతి దూరం నుంచి, ఆవిరిలోంచి.